ఊరంతటికీ కరెంటు ఇవ్వాలంటే: రెండు ఇంజిన్ల పవర్‌హౌస్ నడిపే పద్ధతి

మొన్న మా అపార్ట్‌మెంట్లో కరెంటు పోయింది. కింద సెల్లార్లో జనరేటర్ తనంతట తానే అందుకుంది, లిఫ్టులో ఉన్నవాళ్లకు పోయిన సంగతి కూడా సరిగా తెలియలేదు. మనవడు అడిగాడు, "తాతా, ఇలాంటిదొకటి పెడితే ఊరు మొత్తానికి కరెంటు ఇవ్వొచ్చా?" అని. ఇవ్వొచ్చురా, ఇచ్చారు కూడా. మా పెద్దనాయన చేసిన ఉద్యోగం అదే. నేను కూడా కరెంటు డిపార్ట్‌మెంట్లోనే ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను కానీ, మింట్ కాంపౌండ్ ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదానికంటే చిన్నప్పుడు ఆయన పవర్‌హౌస్ గడప మీద కూర్చుని నేర్చుకున్నదే ఎక్కువ.

హైదరాబాదు సంగతి వేరు. ఇక్కడ 1920లోనే హుస్సేన్‌సాగర్ గట్టున బొగ్గుతో నడిచే పవర్‌హౌస్ కట్టారు. ఇప్పుడు ప్రసాద్స్ మల్టీప్లెక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్నది ఆ చోటే, 1995లో దాన్ని కూల్చేశారు. జిల్లాల్లోని చిన్న ఊళ్లకు ఆ వైభోగం ఎక్కడిది? దూరపు పవర్ స్టేషన్ల నుంచి కరెంటు తెచ్చే పెద్ద లైను వచ్చేదాకా చాలా చోట్ల ఒక రేకుల షెడ్డు, రెండు డీజిల్ ఇంజిన్లు, నలుగురు మనుషులు, అంతే. 1950లు, 60ల నాటి అలాంటి పవర్‌హౌస్ తాళంచెవులు మీ చేతికిచ్చి "రేపటినుంచి నువ్వే చూసుకో" అంటే ఏం చేయాలో చెప్తాను.

మొదట లెక్క. ఊళ్లో నాలుగొందల కనెక్షన్లు ఉన్నాయనుకోండి, ఇంటికి మూడు బల్బులు, బల్బు 40 వాట్లు. అన్నీ ఒకేసారి వెలిగితే 48 కిలోవాట్లు, కానీ అన్నీ ఒకేసారి వెలగవు, వంటింట్లో వెలిగితే పడకగదిలో ఆర్పేస్తారు, ఆ రోజుల్లో మనుషులకు బిల్లంటే భయం ఉండేది. ముప్పై కిలోవాట్లు వేసుకోండి. వీధి దీపాలు వందకి నాలుగు, టాకీసుకి ఐదు. అంటే సాయంత్రం ఏడున్నరకి నలభై దగ్గర ఉంటుంది. అదే అర్ధరాత్రి చూస్తే వీధి దీపాలు, ఆసుపత్రి, ఎక్కడో చదువుకునే పిల్లలు, అన్నీ కలిపి ఎనిమిదో తొమ్మిదో. అందుకే రెండు సైజుల ఇంజిన్లు కావాలి: ఒకటి 60 కిలోవాట్లది, ఒకటి 25ది. పెద్దదొక్కటే పెట్టుకుని రాత్రంతా నడిపితే ఏమవుతుందంటే, డీజిల్ ఇంజిన్‌కి లోడు మరీ తక్కువైతే లోపల సరిగా వేడెక్కదు, నూనె పూర్తిగా కాలదు, మసి పేరుకుంటుంది, నూనె చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుపోతాయి, పొగగొట్టం నుంచి నల్లటి జిడ్డు కారుతుంది. మూడో వంతు కంటే తక్కువ లోడు మీద గంటల తరబడి నడపొద్దు. ఇది ఇప్పటి అపార్ట్‌మెంట్ జనరేటర్లకూ వర్తిస్తుంది, మా కమిటీకి చెప్తే ఎవరూ వినరు, అది వేరే కథ.

ఇంజిన్ స్టార్ట్ చేయడం. తాళం తిప్పితే లేచే బండి కాదిది. ముందు ఆయిల్ పుల్ల తీసి చూడండి. తర్వాత కడ్డీ పెట్టి ఫ్లైవీలుని చేత్తో నిండుగా రెండు చుట్లు తిప్పండి. బద్ధకించి ఈ పని వదిలేసేవాళ్లున్నారు. సిలిండర్లోకి నీళ్లు దిగి ఉంటే చేత్తో తిప్పేటప్పుడే పట్టేసి తెలిసిపోతుంది, గాలితో కొట్టి స్టార్ట్ చేశాక తెలిస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉంటుంది. తర్వాత ఫ్లైవీలు మీద గీసిన గుర్తు చూసి, పిస్టన్ పై చివర దాటి కొంచెం కిందికి దిగే చోట ఆపాలి. అప్పుడు గాలి సిలిండర్ వాల్వు ఒక్కసారి తెరిస్తే నొక్కిపెట్టిన గాలి పిస్టన్‌ని తన్నుతుంది, ఇంజిన్ లేస్తుంది, నూనె అందుకుంటుంది, వెంటనే వాల్వు మూసేయాలి. రెండు మూడు తన్నులకంటే ఎక్కువ గాలి ఆ సిలిండర్లో ఉండదు. కాబట్టి ఇంజిన్ లేవగానే మొదటి పని, ఊరికి కరెంటు ఇవ్వడం కాదు, ఖాళీ అయిన గాలి సిలిండర్‌ని మళ్లీ నింపుకోవడం. పెద్దనాయన దాన్ని మేకు మీద బియ్యం సంచిలాగా చూసుకునేవాడు, "ఇది నిండుగా ఉంటే రేపు కూడా మనకు ఉద్యోగం ఉంటది" అనేవాడు. రెండు ఇంజిన్లూ ఆగిపోయి, గాలీ అయిపోతే ఇక చేత్తో తిప్పే చిన్న కంప్రెసర్ ఇంజినే గతి, దానికోసం ఒక డబ్బాలో పెట్రోలు ఎప్పుడూ విడిగా దాచి ఉంచాలి. నలుగురూ బీడీ లైటర్లలో పోసుకోకుండా ఆ డబ్బాకి తాళం వేయాలి కూడా.

లేచిన ఇంజిన్ మీద వెంటనే లోడు వేయొద్దు. ఐదు, పది నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి. ఆయిల్ ప్రెషర్ నిలబడిందా, నీళ్లు తిరుగుతున్నాయా, బయటికొచ్చే నీళ్ల పైపు మీద చెయ్యి పెడితే వేడిగా ఉండి ఓర్చుకోగలిగేంతే ఉందా చూసుకోండి. మన బోరు నీళ్లు, బావి నీళ్లు ఉప్పు నీళ్లు, ఇంజిన్ చుట్టూ నీళ్లు తిరిగే జాకెట్లో గార కట్టేస్తాయి, వీలైనంతవరకు వాననీళ్లు పట్టి తొట్టిలో ఉంచుకోవడం మంచిది.

ఇప్పుడు అసలైన పని. సాయంత్రం చిన్న ఇంజిన్ మీద నుంచి పెద్దదాని మీదకు, రాత్రి పదకొండుకి పెద్దదాని నుంచి చిన్నదానికి, ఊళ్లో ఎవరింట్లోనూ బల్బు రెప్ప కొట్టకుండా మారాలి. అంటే కాసేపు రెండూ కలిసి తిరగాలి. దీన్నే సింక్రనైజింగ్ అంటారు, కొత్తవాళ్లకు చెమటలు పట్టేది ఇక్కడే.

స్విచ్‌బోర్డు మీద, నల్లరాయి పలక దాని మీద కత్తి స్విచ్చులు, ఒక్కో ఫేజుకి, అంటే కరెంటు మోసే మూడు తీగల్లో ఒక్కోదానికి, రెండేసి బల్బులు వరుసగా కలిపి ఉంటాయి. రెండెందుకంటే, రెండు యంత్రాల కరెంటు అలలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్న క్షణంలో ఆ బల్బుల మీద మామూలు ఓల్టేజీకి రెట్టింపు, అంటే 460 దాకా పడుతుంది, ఒక్క బల్బే పెడితే ఠప్పుమంటుంది. కొత్తగా కలపబోయే యంత్రం ఓల్టేజీని రియోస్టాట్‌తో నడుస్తున్నదానికి సమానం చేయండి. తర్వాత గవర్నర్, అంటే ఇంజిన్‌కి నూనె ఎంత పోవాలో చూసే భాగం, తిప్పి వేగం దగ్గరికి తెండి. బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. వేగాల తేడా ఎక్కువుంటే గబగబా, తక్కువుంటే నిదానంగా. మూడు ఫేజుల బల్బులూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరాలి, ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతున్నట్టు వెలిగితే ఫేజుల వరుస తప్పిందని అర్థం, చెయ్యి స్విచ్చు మీద నుంచి తీసేయండి. కొత్త యంత్రం పిసరంత వేగంగా ఉండగా, వెలిగి ఆరడానికి ఐదారు సెకన్లు పట్టేలా చేసుకోండి. ఇక్కడ ఒక మోసం ఉంది: బల్బు ఆరిపోయినట్టు కనిపించినా దాని మీద కొంత ఓల్టేజీ ఉంటుంది, ఆ కొంచానికి తీగ ఎర్రబడదు, అంతే. అందుకని ఆరగానే స్విచ్చు వేయకూడదు. చీకటి ఎంతసేపు ఉంటుందో రెండు మూడుసార్లు లెక్కపెట్టుకుని, సరిగ్గా ఆ చీకటి మధ్యలో వేయాలి. పెద్దనాయన లెక్కపెట్టేవాడు కాదు, "అల్లా" అని ఎత్తుకుని "మాలిక్" దగ్గర వేసేవాడు, ఆయన పక్కా శివభక్తుడు, ఆ మాట తన గురువైన ఖాన్‌సాబ్ దగ్గర నేర్చుకున్నాడట. సరిగ్గా పడితే శబ్దమే రాదు. తప్పితే షెడ్డంతా ఊగుతుంది, బెల్టు ఎగిరిపడుతుంది, ఒక్కోసారి ఫ్యూజుతో పోతుంది, ఒక్కోసారి షాఫ్టుతో పోతుంది.

ఇదేదో పాతకాలపు చాదస్తం అనుకోకండి. 2013 డిసెంబరు 31న రాయచూర్, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది గ్రిడ్‌ని దేశం మిగతా గ్రిడ్‌తో కలిపినప్పుడు చేసిందీ ఇదే పని, ఓల్టేజీ, వేగం, వరుస, క్షణం. బల్బుల బదులు రిలేలు, అంతే తేడా.

కలిపాక కొత్త యంత్రం ఊరికే తిరుగుతుంటుంది, లోడు తీసుకోదు. ఇప్పుడు దాని గవర్నర్ కొంచెం పెంచుతూ, పాతదాని గవర్నర్ తగ్గిస్తూ రావాలి. బరువు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకు మారినట్టు. కొత్తగా చేరినవాళ్లు లోడు తీసుకోవడంలేదని రియోస్టాట్ తిప్పుతారు. అది తిప్పితే అమ్మీటరు ముల్లు కదులుతుంది, కాబట్టి పని జరుగుతోందనుకుంటారు, నిజానికి రెండు యంత్రాలూ ఒకదానితో ఒకటి ఉత్త కరెంటు మార్చుకుంటూ వేడెక్కుతుంటాయి. బరువు మోసేది నూనె. నూనెని నడిపేది గవర్నర్. రియోస్టాట్ ఓల్టేజీ కోసమే.

వేగం సంగతి: యాభై సైకిల్స్ రావాలంటే, అంటే కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగాలంటే, నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న యంత్రం నిమిషానికి 1500 చుట్లు, పన్నెండు పోల్స్‌ది 500 చుట్లు తిరగాలి. బోర్డు మీద రీడ్ల మీటరు ఉంటుంది, సన్నటి రేకులు వరుసగా, యాభై దగ్గరి రేకు బాగా ఊగుతుంటే అంతా బాగున్నట్టు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ ప్రకారం ఓల్టేజీ కొద్ది శాతం, సైకిల్స్ మూడు శాతం మించి అటూఇటూ పోకూడదని ఉండేది. కాగితం మీద.

లైను చివర ఉన్న వాడకట్టుకి ఎప్పుడూ ఓల్టేజీ తక్కువే. అక్కడ 200 వస్తే బల్బు వెలుగు దాదాపు నలభై శాతం పడిపోతుంది, పసుపు నీళ్లలా ఉంటుంది, వాళ్లొచ్చి "మా దగ్గర కందీలే నయం" అని తిడతారు. సరే పాపం అని పవర్‌హౌస్ దగ్గర 242కి పెంచితే దగ్గరున్న బజారులో బల్బులు రాలిపోతాయి. ఐదు శాతం ఓల్టేజీ పెరిగితే బల్బు ఆయుష్షు సగానికి సగం పోతుంది మరి. ఎవరితో తిట్లు తినాలో మీరే తేల్చుకోవాలి. పెద్దనాయన పద్ధతి, ఏడు నుంచి తొమ్మిది దాకా చివరి వాడకట్టుకోసం కొంచెం పెంచి, తర్వాత తగ్గించేయడం. బజారులో బల్బులమ్మే సేటు ఒక్కడే ఈ ఏర్పాటుతో సంతోషంగా ఉండేవాడు.

యంత్రం తెలిసినంత మాత్రాన చాలదు, ఊరు తెలియాలి. కరెంటుని గాదెలో పోసి దాచుకోలేం, ఊరు అడిగిన క్షణానే పుట్టించాలి, కాబట్టి ఊరు ఐదు నిమిషాల తర్వాత ఏం అడుగుతుందో మీకు ముందే తెలిసి ఉండాలి. టాకీసులో ఇంటర్వెల్ ఎప్పుడో, మొదటి ఆట ఎప్పుడు వదులుతారో, ఎవరింట్లో పెళ్లి ఉందో. బతుకమ్మ తొమ్మిది రోజులూ గుడి ముందు దీపాల తోరణాలు ఎక్కువ, సద్దుల బతుకమ్మ నాడు ఏ లెక్కా పనికిరాదు. రంజాన్ నెలంతా తెల్లవారుజామున సహర్ కోసం ఒక వాడ మొత్తం మూడున్నరకే లేస్తుంది, ఆ సమయంలో చిన్న ఇంజిన్ దగ్గర కునుకు తీస్తే ముల్లు పడిపోయి అందరి ముందూ దొరికిపోతారు. మబ్బు పట్టిన రోజు దీపాలు గంట ముందే వెలుగుతాయి. పెద్దనాయన సాయంత్రం అయిదింటికి బయటికొచ్చి ఆకాశం చూసి వచ్చి, పెద్ద ఇంజిన్ తుడవడం మొదలుపెట్టేవాడు.

గిర్నీల గురించి ఒక మాట. పది హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు మర్యాదగానే ఉంటుంది, స్టార్టయ్యేటప్పుడు మాత్రం ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న ఇంజిన్ మీద ఉండగా గిర్నీ పటేల్ నేరుగా స్విచ్చు కొడితే ఊరంతా దీపాలు తలవంచుతాయి. కాబట్టి షరతులు: మోటారుని మెల్లగా ఎత్తుకునే స్టార్ డెల్టా స్టార్టర్ ఉండాలి, సాయంత్రం ఆరు నుంచి పది దాకా గిర్నీ ఆడకూడదు, పగలు వేసేముందు పిల్లవాణ్ని పంపి చెప్పాలి. ఆ కబురు మోసిన పిల్లవాణ్ని నేనే, కబురుకి ఒక గుప్పెడు పుట్నాలు.

ఇళ్లని మూడు ఫేజులకూ సమానంగా పంచడం మర్చిపోవద్దు, కొత్త కనెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ లెక్క చూసుకోవాలి. మూడు ఫేజులకూ కలిపి కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ తీగని మాత్రం కంటికి రెప్పలా చూసుకోండి. ఫేజు తెగితే ఒక వరుస ఇళ్లు చీకటవుతాయి, అంతే. న్యూట్రల్ తెగితే లోడు తక్కువున్న ఫేజు ఇళ్ల మీదకి 400కి దగ్గరగా ఎగబాకుతుంది, బల్బులు పటాకుల్లా పేలతాయి, రేడియోలు కాలతాయి. పవర్‌హౌస్ దగ్గర ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఉంటారు, ఎండాకాలం రోజూ రెండు బకెట్ల నీళ్లు పోయండి.

గాలివాన. ఎండల చివర్లో సాయంత్రం ఎర్రటి దుమ్ము లేస్తే ఆలోచించకండి, చెట్ల కింద నుంచి పోయే ఫీడరు (పవర్‌హౌస్ నుంచి ఒక్కో వాడకు పోయే లైను) ముందు ఆపేయండి. తీగ తెగి ఎవరి మీదో పడ్డాక ఆపడం కంటే, ఆపి తిట్లు తినడం నయం. వాన తగ్గాక లైను వెంట కాలినడకన పోయి చూడకుండా వేయొద్దు. వేసేటప్పుడు కూడా ఒక్కో ఫీడరు, మధ్యలో నిమిషం ఆగి. కరెంటు పోయినప్పుడు ఎవరూ స్విచ్చులు ఆర్పరు, పైగా చల్లారిన బల్బు తీగ వెలిగే ముందు క్షణంపాటు పది రెట్లకు పైగా లాగుతుంది, అన్నీ కలిపి ఒక్కసారి వేస్తే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే లావు తీగ కట్టడం అప్పటికీ ఇప్పటికీ మనవాళ్ల జాతీయ అలవాటు. ఫ్యూజు తెగడం దాని తప్పు కాదు, దాని పని. తెగిన కారణం వెతకండి.

మనిషి స్తంభం ఎక్కితే ఆ ఫీడరు ఫ్యూజు కట్ట ఎవరి దగ్గరుండాలి? ఎక్కినవాడి జేబులోనే. బోర్డు పక్కన అరలో కాదు, ఆపరేటర్ బల్ల మీద కాదు. వాడు దిగి, తన చేత్తో తెచ్చి ఇస్తేనే పెట్టాలి, "అయిపోయిందంట" అని మూడోవాడు చెప్తే పెట్టకూడదు. ఇది కూడా చాలదని మాకు ఒకసారి తెలిసింది. ఫ్యూజు జేబులోనే ఉంది, లైను చచ్చే ఉంది, హెల్పర్ చెయ్యి పెట్టగానే కొట్టింది. ఒక మిల్లువాళ్లు కరెంటు లేదని తమ సొంత ఇంజిన్ వేసుకున్నారు, మార్పు స్విచ్చు లేకుండా నేరుగా కలిపారు, వాళ్ల కరెంటు వెనక్కి లైనులోకి వచ్చింది. నడుముకి తాడుంది కాబట్టి వేళ్లు కాలి బతికాడు. అప్పటినుంచి పద్ధతి మారింది: పని చేసే చోటికి రెండు పక్కలా గొలుసు వేసి తీగలన్నీ భూమికి కట్టాకే చెయ్యి పెట్టడం. సొంత ఇంజిన్ ఉన్న ప్రతి ఇంటికీ పోయి మార్పు స్విచ్చు ఉందో లేదో చూసి రావడం.

లాగ్‌బుక్ గంటకోసారి రాయాలి: ఓల్టులు, యాంపియర్లు, సైకిల్స్, నీళ్ల వేడి, ఆయిల్ ప్రెషర్, యూనిట్లు. నిద్రొచ్చి నాలుగు గంటలవి ఒకేసారి రాస్తే అంకెలన్నీ అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి, పైనుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరుకి చూడగానే తెలిసిపోతుంది. లీటరు డీజిల్‌కి మూడు యూనిట్లు రావాలి. సాయంత్రం నాలుగు గంటలు నలభై అయిదు చొప్పున నడిస్తే 180 యూనిట్లు, అరవై లీటర్లు. రెండున్నరకి దిగితే ఇంజెక్టరో, గాలి ఫిల్టరో, జారుతున్న బెల్టో చూడండి. అవన్నీ బాగుంటే పీపాల దగ్గర కాపలా ఉన్నవాణ్ని చూడండి. పీపాల్లో నూనెని ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగు నాలుగు వేళ్లు వదిలేసి పైనుంచి తోడాలి, నీళ్లూ మట్టీ అడుగునే ఉంటాయి. వానాకాలం బండ్లు దిగబడతాయి, పది రోజుల సరుకు ముందే తెచ్చిపెట్టుకోండి.

బిల్లుల సంగతి క్లుప్తంగా: ఫీడరు మీటరు చూపిన యూనిట్లకీ, ఇళ్ల మీటర్ల మొత్తానికీ తేడా పది పదిహేను శాతం దాటితే తీగలకి కొక్కేలు పడుతున్నట్టే, రాత్రి లైటు లేకుండా తిరిగి రండి.

చివరికి ఒకరోజు పెద్ద లైను వస్తుంది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక ఒక్కో ఊరికీ తీగలు వస్తూ పోయాయి, మా ఊరికీ వచ్చాయి. ఇంజిన్లు ఆపి ఊరిని లైను మీదకు మార్చే రోజు అందరూ దండలు, కొబ్బరికాయల హడావుడిలో ఉంటారు, మీరు మాత్రం ఫేజుల వరుస చూసుకోండి. మన యంత్రం వరుస, లైను వరుస ఒకటి కాకపోతే బల్బులకు తేడా తెలియదు, మోటార్లన్నీ వెనక్కి తిరుగుతాయి. ముందుగా ఒక గిర్నీకి పోయి, మోటారు బెల్టు తీసేసి, ఒక్క క్షణం వేసి ఆపి ఏ పక్కకు తిరిగిందో చూడాలి, తప్పుగా తిరిగితే పవర్‌హౌస్ బయటి స్తంభం దగ్గర రెండు ఫేజులు తారుమారు చేయాలి. పెద్దనాయన ఈ మాట చెప్తే పైనుంచి వచ్చినవాళ్లు "ఇప్పుడు అవన్నీ ఎందుకు, మంత్రిగారు వచ్చే టైమైంది" అన్నారు. ఏడింటికి స్విచ్చు నొక్కారు, చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున్నే గిర్నీ పటేల్ పరిగెత్తుకుంటూ షెడ్డుకొచ్చాడు, పిండి కిందికి రావడం లేదని. పెద్దనాయన అప్పటికే ఫ్యూజు కట్ట జేబులో వేసుకుని స్తంభం దగ్గరికి బయల్దేరాడు.